ఖాళీగా వదిలిన రెండో నంబరు

దెయ్యం కనపడిందని ఎవరైనా చెబితే, ఆ వేళకి మీ వీధిలో కరెంటు సరిగ్గా ఉందా అండీ అని అడిగే రకం నేను. మా ఊళ్ళో నా ఎదుట అలాంటి కబుర్లు చెప్పడం ఎప్పుడో మానేశారు. చెబితే ఊరుకోను. వాదనకి దిగి, చివరికి వాళ్ళ నోటితోనే అది పిల్లి అనిపించి పంపిస్తాను. అనుమానం పెనుభూతం అని మా అమ్మ ఎప్పుడూ అనేది. అందులో భూతాన్ని నేను కొట్టేసి అనుమానం ఒక్కటే ఉంచుకున్నాను. నా పనికి అదే కావాలి.

మామిడికుదురులో నాది చిన్న నెట్ కొట్టు. చుట్టుపక్కల ఊళ్ళకి ఇంటర్నెట్ కనెక్షన్లు ఇస్తాను. స్తంభం ఎక్కి తీగ లాగేదీ నేనే, ఇంట్లో కూర్చుని రౌటర్ సర్దేదీ నేనే, వాన పడి లైను పోతే తిట్లు తినేదీ నేనే. నెట్టు బాబ్జీ అంటే ఎవరైనా చెబుతారు.

ఇది మా పెద్దమ్మ కూతురు సత్యవేణక్క ఇంట్లో జరిగింది. వాళ్ళ ఇల్లు అప్పనపల్లి వెళ్ళే దారిలో, కొబ్బరితోటలో ఉంటుంది. పెరటి తలుపు తీస్తే నాలుగు అడుగుల్లో పంటకాలువ, దానికి రాతిమెట్ల రేవు. అక్క రాజోలు హైస్కూల్లో టీచరు. బావ ఓడ మీద ఉద్యోగం, నెలల తరబడి సముద్రంలోనే ఉంటాడు. ఇంట్లో అత్తగారు మాణిక్యమ్మగారు, మావగారు మూర్తిగారు, అక్క కూతురు చిన్ని. చిన్నికి అప్పటికి ఇంకా బడి వయసు రాలేదు.

మూర్తిగారిది కొబ్బరి వర్తకం. రోజూ పొద్దున్నే కొట్టుకి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులేసుకుని, "వెళ్ళొస్తానమ్మా చిన్నీ" అనేవారు. అది నడుం మీద చెయ్యి పెట్టుకుని పెద్ద ముత్తయిదువలాగా, "ఆయ్, వెళ్ళిరా తాతా" అనేది. ఆ 'ఆయ్' వినడం కోసమే ఆయన రెండుసార్లు చెప్పించుకునేవారు. మధ్యాహ్నం వచ్చి భోంచేశాక, చెయ్యి కడుక్కునే వంకతో మనవరాలిని రేవుకి తీసుకెళ్ళి బాతుల్ని చూపించేవారు. తన చూపుడువేలు ఇచ్చేవారు, అది గుప్పిట్లో పట్టుకుని నడిచేది. తాతా మనవరాళ్ళు అలా వెళ్ళడం నేను చాలాసార్లు చూశాను.

ఆయన వానాకాలంలో హఠాత్తుగా పోయారు. గుండె. ఆస్పత్రికి తీసుకెళ్ళే వ్యవధి కూడా ఇవ్వలేదు.

మావైపు ఒక పట్టింపు ఉంది. మామూలుగా ఎవరింటి నుంచైనా బయల్దేరితే వెళ్తున్నాను అనం, వెళ్ళొస్తాను అంటాం. వాళ్ళు ఆయ్, రండి అంటారు. చావు జరిగిన ఇంట్లో మాత్రం ఈ రెండు మాటలూ ఉండవు. పరామర్శకి వచ్చినవాళ్ళు చెప్పకుండా లేచి వెళ్ళిపోతారు, ఇంటివాళ్ళు రమ్మనరు. ఎంత మర్యాదస్తులైనా అక్కడ నోరు కట్టుకోవాల్సిందే. ఇదంతా పెద్దవాళ్ళకి తెలుసు. పిల్లకి ఎవరు చెబుతారు?

పాడె ఎత్తి గుమ్మం దాటిస్తున్నారు. నేను ఒక కొమ్ము పట్టుకుని ఉన్నాను. వెనక నుంచి చిన్ని గొంతు ఖంగుమని వినపడింది. "ఆయ్, వెళ్ళిరా తాతా!"

ఏడుస్తున్నవాళ్ళంతా ఒక్కసారి ఆగిపోయారు. ఎవరో పెద్దావిడ గబుక్కున దాని నోరు మూసింది. పసిదానికి ఏం తెలుస్తుంది పాపం అనుకున్నాను. అంతకుమించి ఏమీ అనుకోలేదు.

కర్మకాండలు అయ్యాయి, అక్క సెలవులు అయిపోయాయి. అప్పుడు మొదలైంది ఆవిడకి బెంగ. మాణిక్యమ్మగారికి రక్తపోటు, మధ్యాహ్నం మాత్ర వేసుకుంటే ఒళ్ళు తెలీకుండా నిద్రపోతారు. ఇదివరకు ఆ వేళకి మూర్తిగారు ఉండేవారు. ఇప్పుడు పెరట్లో కాలువ, ఇంట్లో పరుగులు పెట్టే పిల్ల. పిల్లని చూడటానికి ఒక మనిషిని పెట్టారుగానీ ఆవిడ ఒకరోజు వస్తే ఒకరోజు రాదు. "బాబ్జీ, హాల్లో ఒక కెమెరా పెట్టరా. స్కూలు నుంచి ఫోన్లో చూసుకుంటాను. నా ప్రాణం కుదుటపడదు" అంది అక్క. పెరటి తలుపుకి పైన గడియ కూడా కొట్టించింది. నా భుజం ఎత్తున ఉంటుంది ఆ గడియ.

ఇక్కడ నా పని గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే తరవాతది అర్థం కాదు. ఇంట్లో ఫోన్లు, టీవీ, కెమెరా, ఎన్ని ఉన్నా వాటికి లోపల వేరువేరు నంబర్లు ఉంటాయి. బయటి ప్రపంచానికి మాత్రం ఆ ఇంటికంతటికీ ఒకటే చిరునామా. మధ్యలో కూర్చునేది రౌటర్. లోపలినుంచి ఎవరు బయటికి మాట పంపారో గుర్తుపెట్టుకుని, బదులు రాగానే వాళ్ళకే అందిస్తుంది. లోపలివాళ్ళు అడక్కుండా బయటినుంచి ఏదైనా వస్తే గుమ్మంలోనే పారేస్తుంది. పిలవని పేరంటాలు దాని దగ్గర కుదరవు. ఎవరైనా లోపలికి రావాలంటే లోపలివాళ్ళు ముందు పిలిచి ఉండాలి.

కెమెరా సంగతి వేరు. అక్క బయటినుంచి ఎప్పుడు పడితే అప్పుడు చూడాలి. అందుకని రౌటర్‌లో ఒక శాశ్వతమైన పిలుపు రాసి పెట్టాలి. బయటినుంచి ఫలానా వాకిలికి వచ్చినవాళ్ళని లోపల కెమెరా దగ్గరికి పంపు, అని ఒక్క వరస. ఇలాంటివి నిద్రలో లేపి చెయ్యమన్నా చేస్తాను.

నంబర్లు ఇవ్వడంలో నాదొక అలవాటు. లోపలి నంబర్లలో మొదటిది రౌటర్‌ది. రెండోది ఆ ఇంటిపెద్ద ఫోనుకి ఇస్తాను. ఎవరూ ఇలా చెయ్యరు, అవసరమూ లేదు. పంక్తిలో పెద్దవాళ్ళకి మొదటి విస్తరి వేసినట్టు, నాకు అలా తోస్తుంది. మూర్తిగారి ఫోనుకి అదే ఉండేది. ఈసారి కొత్త రౌటర్ పెట్టినప్పుడు, ఏడాది తిరక్కుండా ఆయన పీట మీద ఇంకొకళ్ళని కూర్చోబెట్టడం ఎందుకులే అని రెండు వదిలేసి మూడునుంచి మొదలుపెట్టాను. మా నాన్న పోయాక మా ఇంట్లోనూ రెండో నంబరు అలాగే వదిలేశాను.

అన్నీ అయ్యాయి. అక్క రోడ్డు మీదికి వెళ్ళి ఫోన్లో చూసి, హాలూ పెరటి తలుపూ శుభ్రంగా కనపడుతున్నాయని కేకేసింది. సర్దుకునే ముందు రౌటర్‌లో ఒకసారి సరిచూసుకున్నాను. నేను రాసిన వరస ఉంది. దాని కింద ఇంకో వరస ఉంది. బయటినుంచి ఏ వాకిలికి ఎవరొచ్చినా లోపల రెండో నంబరు దగ్గరికి పంపు.

అది నేను రాయలేదు. చెయ్యి తగిలి ఏదో పడి ఉంటుందని తుడిచేసి ల్యాప్‌టాప్ మూశాను. ఉయ్యాలబల్ల మీద లక్కపిడతలతో ఆడుకుంటున్న చిన్ని తలెత్తి, "ఎందుకు మావయ్యా మూసేశావు?" అంది. ల్యాప్‌టాప్ గురించేమో అనుకుని, పనైపోయిందమ్మా అన్నాను. అది మూతి ముడుచుకుని అటు తిరిగిపోయింది.

కొన్నాళ్ళకి అక్క ఫోను చేసింది. కెమెరా బాగానే పనిచేస్తోంది కానీ, రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకి బొమ్మ కాసేపు బిగుసుకుపోతోందిట. వెళ్ళి చూశాను. నేను తుడిచేసిన వరస మళ్ళీ ఉంది.

నాకు ఒళ్ళు మండింది. ఎవడో బయటినుంచి చొరబడుతున్నాడనుకున్నాను. పాస్‌వర్డ్ మార్చాను. లోపలి వస్తువులు తమంతట తాము రౌటర్‌ని అడిగి వాకిలి తెరిపించుకునే సదుపాయం ఒకటి ఉంటుంది, అది ఆపేశాను. మర్నాడు మళ్ళీ ఉంది. రౌటరే తేడాగా ఉందేమోనని కొట్టునుంచి పెట్టె విప్పని కొత్తది తెచ్చి పెట్టాను. నా ఎదురుగానే, భోజనాల వేళకి, కొత్తదానిలోనూ అదే వరస వచ్చి కూర్చుంది.

మూర్తిగారి ఫోను ఎక్కడుందండీ అని మాణిక్యమ్మగారిని అడిగాను. బీరువాలో పట్టుబట్టల కింద ఉంది. బ్యాటరీ ఉబ్బిపోయి వెనక మూత లేచిపోయింది. దాన్ని వెలిగించడం ఎవరి తరమూ కాదు.

అప్పుడొక పని చేశాను. మా పనిలో ఏ నంబరునైనా పలకరించి చూడొచ్చు. అక్కడ వస్తువుంటే బదులిస్తుంది, లేకపోతే ఉలకదు పలకదు. రెండో నంబరుని పలకరించాను. బదులొచ్చింది.

ఇంట్లో ఫోన్లన్నీ ఆపించాను. టీవీ తీగ పీకేశాను, కెమెరా విప్పేశాను. బయటినుంచి వచ్చే లైను కూడా తీసేశాను. ఇక మిగిలింది రౌటరూ, తీగతో దానికి కట్టిన నా ల్యాప్‌టాపూ. మళ్ళీ పలకరించాను. ఆలస్యం లేకుండా, పక్కనే ఉన్నట్టు బదులొచ్చింది. మాణిక్యమ్మగారు వంటింటి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు. "ఏమైంది నాన్నా?" అన్నారు. ఏం లేదండీ, సిగ్నలు తేడా అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. అడక్కపోవడం నాకు అప్పుడే వింతగా అనిపించాల్సింది.

ఎందుకైనా మంచిదని అక్కకి మాత్రం మధ్యాహ్నం పూట ఫోను కిందపెట్టకు అని చెప్పాను. కారణం చెప్పలేదు. చెబితే నన్నే పిచ్చాసుపత్రిలో చూపిస్తుంది.

ఆ వారంలోనే జరిగింది. నేను అప్పనపల్లిలో గుడికి వెళ్ళే రోడ్డు మీద, వాళ్ళ ఇంటికి బండి మీద రెండు నిమిషాల దూరంలో, నిచ్చెనెక్కి ఉన్నాను. అక్క ఫోను. ఆవిడ గొంతు గుర్తుపట్టలేకపోయాను. "బాబ్జీ, తలుపు తెరుచుకుంది రా! చిన్ని పెరట్లోకి వెళ్ళిపోతోంది... అత్తయ్యగారు ఫోనెత్తట్లేదు... పరిగెత్తరా, నీకు పుణ్యముంటుంది!"

నిచ్చెన అక్కడే వదిలేసి బండి తీశాను. దారిలో ఎంతమందిని తప్పించుకున్నానో, ఎవరు తిట్టారో తెలీదు. వీధి తలుపు బిడాయించి ఉంటే పక్క సందులోంచి పెరట్లోకి దూకాను.

చిన్ని రేవులో ఉంది. ఆ రోజుల్లో కాలువకి నీళ్ళు నిండుగా వదిలారు. నీళ్ళలో మునిగిన మెట్టు మీద, నడుం దాకా నీళ్ళలో నిలబడి, ఒక కాలు కింది మెట్టుకి చాపుతోంది. ఏడవట్లేదు, భయపడట్లేదు. కుడిచెయ్యి పైకెత్తి ఉంది, గుప్పిట మూసి ఉంది. ఒక్క అంగలో దిగి నడుం పట్టుకుని లేపాను.

ఇక్కడ ఒక మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. అక్కకి కూడా ఇంతవరకూ చెప్పలేదు. పిల్లని నేను వెనక్కి లాగితే ఒళ్ళంతా వచ్చింది కానీ ఆ చెయ్యి వెంటనే రాలేదు. అవతల ఎవరో పట్టుకుని ఉంటే ఎలా ఉంటుందో అలా బిగిసింది. రెండోసారి గట్టిగా లాగితే వచ్చింది. చిన్ని అప్పుడు ఏడ్చింది, నా మీద కోపంతో. తాత బాతుల్ని చూపిస్తానన్నాడు, నువ్వు చెడగొట్టావు అని నన్ను గుద్దింది. కాలువలో బాతులు లేవు.

అక్క ఆటోలో వచ్చి పడింది. పిల్లని పొదివి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సాయంత్రం కెమెరాలో ఉన్నదాన్ని మేమిద్దరం కూర్చుని చూశాం. పిల్ల ఆడుకుంటోంది. తలెత్తి పెరటి తలుపువైపు చూసి, "ఆయ్, వస్తున్నా" అంది. అప్పటికి గడియ వేసే ఉంది, స్పష్టంగా కనపడుతోంది. అక్కడ బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుంది. మళ్ళీ కదిలేసరికి గడియ తీసి ఉంది, తలుపు జానెడు తెరిచి ఉంది. చిన్ని తలుపు దగ్గరికి వెళ్ళి, చెయ్యి పైకెత్తి, దేన్నో గుప్పిట్లో పట్టుకుని గుమ్మం దాటింది. ఆ పట్టు నాకు తెలుసు. పిల్లీ గిల్లీ అని నేనే అంటానేమోనని అక్క నా మొహంలోకి చూసింది. నేను ఆ ముక్కనే వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను.

మర్నాడు వాళ్ళ పురోహితులు శాస్త్రిగారిని పిలిపించాం. వేదం చదువుకున్న మనిషి, హడావిడి లేదు. హోమాలూ తాయెత్తులూ చెబుతారేమో, గట్టిగా వాదించాలని నేను సిద్ధపడి ఉన్నాను. ఆయన ఏమీ చెప్పలేదు. అంతా విని, పాడె లేచేటప్పుడు చిన్ని అన్న మాట ఏమిటో మళ్ళీ ఒకసారి చెప్పమన్నారు.

"పిలుపు అందింది, వచ్చేరు. మర్యాద తెలిసిన మనిషి కదండీ, పంపించనిదే ఎలా వెళ్తారు? ఆ వెళ్ళమనే మాట మిగిలిపోయిందమ్మా. అది ఇంట్లోవాళ్ళే అనాలి. నేను అంటే చెల్లదు" అన్నారు.

నాకు రౌటర్ గుర్తొచ్చింది. తుడిచేసినప్పుడల్లా ఆ వరస ఎందుకు తిరిగొస్తోందో కూడా తెలిసినట్టే అనిపించింది. తెలిసినట్టు అనిపించినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అక్క పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బతిమాలింది. వెళ్ళు తాతా అని ఒక్కసారి అనమ్మా, రా అనకూడదు. చిన్ని అడ్డంగా తల ఊపింది. "తాత ఏడుస్తాడు" అంది. బెదిరించినా, ఆశ పెట్టినా అదే మాట. అక్క కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నువ్వు అనకపోతే నేను అంటానని లేచింది.

అప్పటిదాకా గోడకానుకుని కూర్చున్న మాణిక్యమ్మగారు, "నువ్వు ఉండవే" అన్నారు. ఆవిడ గొంతు అలా ఎప్పుడూ వినలేదు. "నాకు ముందునించీ తెలుసు. రోజూ ఆ వేళకి, నేను మాత్ర వేసుకోకముందే, చెప్పుల చప్పుడయ్యేది. ఉన్నారులే, నాకు తోడుగా ఉన్నారులే అని ఊరుకున్నాను. నా కోసం వస్తున్నారనుకున్నానర్రా. పిల్ల కోసమనుకోలేదు."

శాస్త్రిగారు తల దించుకున్నారు.

ఆవిడ మోకాళ్ళు పట్టుకుని లేచి, పెరటి తలుపు దగ్గరికి వెళ్ళారు. గడియ తీశారు. గుమ్మానికి ఇవతలే నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకున్నారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ రోజూ ఆయన గుమ్మం దిగుతుంటే ఆవిడ అనేది ఒకటే మాట. వెళ్ళిరండి. అందులో సగం ఎలా ఆపాలో ఆవిడకి తెలీలేదు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు.

"ఏవండీ," అన్నారు. "వెళ్ళండి."

తరవాతి మాట నోటిదాకా వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నారు. తలుపు వేసి గడియ పెట్టి, అక్కడే కూలబడి ఏడ్చారు. ఆయన పోయిన రోజు కూడా ఆవిడ అలా ఏడవలేదు.

నేను హాల్లోకి వచ్చి ల్యాప్‌టాప్ తీశాను. ఆ వరస లేదు. రెండో నంబరుని పలకరించాను. బదులు లేదు. ఎన్నిసార్లు పలకరించినా లేదు. ఆ నంబరు అప్పటికప్పుడు మాణిక్యమ్మగారి ఫోనుకి ఇచ్చేశాను, పీట ఖాళీగా ఉండకూడదని. ఆ తరవాత ఆ ఇంట్లో కెమెరా ఎప్పుడూ బిగుసుకోలేదు. చిన్ని ఇప్పుడు బడికి వెళ్తోంది.

ఇక్కడితో అయిపోతే నేనిది రాసేవాణ్ణి కాదేమో. రౌటర్ల తయారీలోనే ఏదో లోపం, గడియ సరిగ్గా పడలేదు, పిల్ల ఊహ, అని నాకు నేను నచ్చజెప్పుకునేవాణ్ణి. అలాంటి వాదనల్లో నన్ను మించినవాడు లేడు.

ఆ రోజు సామాను సర్దుకుని, శాస్త్రిగారు వెళ్ళాక నేనూ బయల్దేరాను. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, ఊరికే, నాలిక మీద ఉన్న మాట, వెళ్ళొస్తానమ్మా చిన్నీ అనేశాను. అలవాటు ఎక్కడికి పోతుంది? చిన్ని గుమ్మంలోకి వచ్చింది. నడుం మీద చెయ్యి పెట్టుకుంది. నన్ను కాదు, రోడ్డు మీద నిలబెట్టిన నా బండి వెనక సీటువైపు చూసింది.

"ఆయ్, వెళ్ళిరా మావయ్యా" అంది. "వచ్చేటప్పుడు తాతని మాత్రం తీసుకురాకు."

నవ్వాను. నవ్వి బండెక్కాను. ఇంటిదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

ఇప్పుడు కూడా నేను నమ్మానని చెప్పను, నమ్మలేదని చెప్పడానికి మాత్రం నోరు రావట్లేదు. ఎవరైనా దెయ్యాల కబుర్లు చెబితే ఈమధ్య వాదించడం మానేశాను. మా ఆవిడ ఆ మర్నాటినుంచీ పోరుతోంది, మధ్యాహ్నం పూట నెట్ ఆగి ఆగి వస్తోంది, ఊరందరికీ బాగుచేస్తారు, మనింట్లో ఒక్కసారి చూడరాదుటండీ అని. ల్యాప్‌టాప్ తీసి చూస్తే అర నిమిషం పని. మా ఇంట్లో రెండో నంబరు ఇంకా ఖాళీగానే ఉంది. రేపు చూస్తాలే అంటున్నాను.